బూర గ్రామఫోనా, పెట్టె గ్రామఫోనా: ఇంటి పెద్దలకు కీ గ్రామఫోను కొనిపెట్టే ముందు

తాతగారికో, నాయనమ్మకో, వయసులో ఉన్నప్పుడు పద్యనాటకాల వెంట ఊళ్లు తిరిగిన మేనమామకో ఒక పాత కీ గ్రామఫోను కొనిపెట్టాలని అనుకున్నవారిలో చాలామంది మొదట బూరను చూస్తారు, తరువాత పెట్టె మీది కుక్క బొమ్మను చూస్తారు, ఆ తరువాత ధర అడుగుతారు. ఈ వరుసలో కొన్న యంత్రాలలో ఎక్కువ భాగం నెల తిరగకముందే హాల్లో అలంకారంగా మిగిలిపోతాయి. మొదట చూడవలసింది ఆ పెద్దవారి అటక మీదనో, ఇనప్పెట్టెలోనో ఉన్న ప్లేట్లను. యంత్రం ఏ రకమైతే మంచిదో చాలా వరకు అవే నిర్ణయిస్తాయి.

కీ గ్రామఫోను మీద పాడేవి నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేట్లు మాత్రమే. చేతిలోకి తీసుకుంటే ఇవి బరువుగా, పెళుసుగా ఉంటాయి. ఎక్కువగా పది అంగుళాల వెడల్పుతో, పక్కకు మూడు నిమిషాల చొప్పున ఒక పాటనో కొన్ని పద్యాలనో మోస్తాయి. పన్నెండు అంగుళాలవి పక్కకు నాలుగు నిమిషాలకు కొంచెం పైగా నడుస్తాయి. మన దేశంలో ఈ ప్లేట్ల తయారీ 1960ల దాకా సాగింది కనుక, పాత రంగస్థల పద్యాలే కాక ఆ కాలపు సినిమా పాటలు కూడా వీటి మీద బాగానే దొరుకుతాయి. అదే పెట్టెలో తేలికగా, కొంచెం వంగే గుణంతో ఉన్న ఎల్పీలూ, 45 వేగపు చిన్న ప్లేట్లూ కలిసి ఉండవచ్చు. వాటిని కీ గ్రామఫోను మీద పెట్టకూడదు. ముల్లును పట్టుకుని, దాని కదలికను లోపలి పలుచని పొర ద్వారా ధ్వనిగా మార్చే గుండ్రని భాగమే సౌండుబాక్సు. అది ముల్లు మీద మోపే బరువు నూరు గ్రాములకు పైగానే ఉంటుంది. ఎల్పీ గాడి కొన్ని గ్రాముల బరువును మాత్రమే తట్టుకునేలా చేసినది కనుక స్టీలు ముల్లు ఒక్కసారి నడిస్తే చాలు, అది శాశ్వతంగా దెబ్బతింటుంది. పెద్దవారి అసలు కోరిక ఘంటసాల గానం చేసిన భగవద్గీత వినడమే అయితే, అది 1970లలో ఎల్పీగా వచ్చినది కనుక, మీరు వెతకవలసినది కీ గ్రామఫోనును కాదు, కరెంటు మీద నడిచే రికార్డు ప్లేయరును. ఈ ఒక్క సంగతి ముందే అడిగి తెలుసుకుంటే పెద్ద ఖర్చు తప్పుతుంది.

ప్లేట్లు 78 వేగానివేనని తేలిన తరువాత మీ ముందు మూడు రకాల యంత్రాలు ఉంటాయి: బయటికి బూర ఉన్నది, సూట్‌కేసులా మూసి పట్టుకుపోయే పెట్టె, బూరను లోపలే దాచుకున్న బల్ల లేదా బీరువా రకం. ఇవి కాక అమెరికాలో ఉన్న మనవారికి తరచుగా కనిపించే నాలుగోది ఎడిసన్ యంత్రం. దాని సంగతి ముందే తేల్చేస్తాను.

థామస్ ఎడిసన్ 1877లో తయారుచేసిన ఫోనోగ్రాఫు వంశంలో పుట్టిన యంత్రాలు ప్లేట్లను కాక స్తూపాకారపు మైనపు రికార్డులను పాడతాయి. తొలినాటి రెండు నిమిషాల మైనపు స్తూపానికి ఒక రకం సౌండుబాక్సు, 1908 నుంచి వచ్చిన నాలుగు నిమిషాల స్తూపానికి ఇంకొక రకం కావాలి. 1912 తరువాతి నీలి సెల్యులాయిడ్ స్తూపాలకు అమర్చే వజ్రపు ముల్లును మైనపు స్తూపం మీద పెడితే ఆ మైనాన్ని చెక్కేస్తుంది. యంత్రం అందమైనదే, చరిత్ర ఉన్నదే, కానీ ఎడిసన్ కంపెనీ 1929లో రికార్డుల వ్యాపారం నుంచే తప్పుకుంది. కలకత్తాలో హేమేంద్ర మోహన్ బోస్ వంటివారు కొంతకాలం స్తూపాల మీద పాటలు ముద్రించినా, మన దేశంలో నిలిచినది బల్లపరుపు ప్లేటే. తెలుగు పద్యం వినాలన్న కోరికకు ఎడిసన్ స్తూప యంత్రం ఏ విధంగానూ పనికిరాదు. పాత యంత్రాలు సేకరించే అలవాటున్న బంధువుకు ఇవ్వదలిస్తే మాత్రం అది వేరే సంగతి. అటువంటివారికి దీనికి మించిన కానుక ఉండకపోవచ్చు.

ఎడిసన్ పేరుతోనే ఇంకొక చిక్కు ఉంది. ఆయన కంపెనీ 1912 నుంచి అమ్మిన డైమండ్ డిస్క్ యంత్రాలు బీరువా ఆకారంలో, చూడటానికి విక్టర్ కంపెనీ బీరువా గ్రామఫోను విక్ట్రోలాలాగానే ఉంటాయి, మూత తీస్తే ప్లేటు తిరిగే పళ్లెమే కనిపిస్తుంది. కానీ అవి పావు అంగుళం మందం ఉన్న తమ సొంత ప్లేట్ల కోసం చేసినవి. వాటిలో ముల్లు గాడిలో పైకీ కిందికీ కదులుతుంది, మామూలు ప్లేటులో పక్కలకు కదులుతుంది. హెచ్ఎంవీ (హిజ్ మాస్టర్స్ వాయిస్), కొలంబియా కంపెనీల ప్లేటును ఆ వజ్రపు ముల్లు కింద పెడితే పాట రాదు, ప్లేటు పాడవుతుంది. అమెరికాలో పాత సామాను దుకాణంలో చూసి ముచ్చటపడి కొని, సముద్రం దాటించి గుంటూరుకో వరంగల్లుకో పంపాలనుకునేవారు మూత కింది పేరు చదివిన తరువాతే డబ్బు తీయాలి.

ఇక బూర గ్రామఫోను. ఇందులో మోసం పాలు ఎక్కువ కనుక కొంచెం విడమరచి చెప్పవలసి ఉంది. ముంబై చోర్ బజారులోని మటన్ స్ట్రీట్‌లో, ఢిల్లీ జామా మసీదు పరిసరాల్లో, హైదరాబాదు చార్మినారు పక్కన ముర్గీ చౌక్‌లో మెరిసే ఇత్తడి బూరతో, కుక్క బొమ్మ పలకతో కనిపించే యంత్రాలలో అత్యధిక భాగం పాతవి కావు. ఏదో పాత పెట్టె గ్రామఫోను నుంచి మోటారు విప్పి తీసి, కొత్తగా కోసిన చెక్క పెట్టెలో బిగించి, పలుచని ఇత్తడి రేకుతో చేసిన బూర తగిలించి, రంగు పట్టించి అమ్ముతారు. వీటి తయారీ ఒక కుటీర పరిశ్రమగా ఎదిగి, ఇక్కడి నుంచి విదేశాలకు కూడా వెళ్తోంది. ఇందులో బాధాకరమైనదేమంటే, ఒక నకిలీ కోసం పనిచేసే ఒక అసలు పెట్టె గ్రామఫోను బలి అవుతుంది.

నకిలీని గుర్తుపట్టడం అంత కష్టం కాదు. అసలు బూర యంత్రాలలో సౌండుబాక్సు దగ్గర సన్నగా మొదలైన గొట్టం బూర వైపుకు పోయేకొద్దీ క్రమంగా వెడల్పు అవుతుంది. నకిలీలో ఆ గొట్టం మొదటి నుంచి చివరి దాకా ఒకే లావుగా, నీటి పైపును వంచినట్టు ఉంటుంది. బూరను మోసే వెనుక బ్రాకెట్టు అసలు యంత్రంలో చక్కగా పోత పోసి, పెట్టెకు ఎక్కడా సందు లేకుండా కూర్చునే ఇనుప భాగం. నకిలీలో అది గరుకుగా, వంకరగా, కొత్త స్క్రూలతో బిగించి ఉంటుంది. ఆ కాలపు బూరలలో చాలావరకు రంగు వేసిన ఉక్కు రేకువి, కొన్ని చెక్కవి. ఇత్తడివి లేకపోలేదు కానీ ఇంత పలుచగా, ఇంత నిగనిగలాడుతూ ఉండవు. పెట్టె ఎనిమిది పక్కలతో, బంగారు రంగు లతలతో ఉంటే అనుమానించవలసిందే. పెట్టె పక్కన కీ దూరే రంధ్రం చుట్టూ అవసరానికి మించిన పెద్ద బిళ్ల ఉంటే, అది పొరపాటున పెద్దదిగా కోసిన రంధ్రాన్ని కప్పడానికి పెట్టినదని అనుకోవచ్చు. అన్నిటికన్నా తేలికైన గుర్తు ఆ పలకే. కుక్క బూరలోకి చూస్తున్న చిత్రాన్ని బ్రిటిష్ గ్రామఫోను కంపెనీ 1899లోనే కొన్నా, తన ప్లేట్ల మీద దాన్ని ప్రధాన గుర్తుగా వాడటం మొదలుపెట్టింది 1909 ప్రాంతంలో. అంతకు ముందు ఆ కంపెనీ గుర్తు ప్లేటు మీద రాస్తున్న దేవదూత. కనుక "1900 నాటి హిజ్ మాస్టర్స్ వాయిస్" అని చెప్పి ఎవరైనా అమ్మజూపితే, ఆ మాటతోనే బేరం ముగించవచ్చు.

ఒకవేళ అసలైన బూర యంత్రమే దొరికినా, అది తెలుగు ప్లేట్లకు తగినదేనా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. 1925కు ముందు పాటలను బూరలోకి పాడించి యాంత్రికంగా ముద్రించేవారు. ఆ తరువాత మైక్రోఫోనుతో విద్యుత్ పద్ధతిలో ముద్రణ వచ్చింది. తొలినాటి సౌండుబాక్సులు అభ్రకం పొరతో, యాంత్రిక ముద్రణల కోసం చేసినవి. తెలుగులో తొలి టాకీ వచ్చినదే 1932లో. మన ఇళ్లలో మిగిలిన ప్లేట్లలో చాలా భాగం విద్యుత్ ముద్రణ కాలానివే. వాటిని తొలినాటి సౌండుబాక్సుతో వింటే కంఠం గట్టిగా, కీచుగా వినిపిస్తుంది, మృదంగమూ తబలా సగం మాయమవుతాయి. అందుచేత అసలైన బూర గ్రామఫోనుకు చూడముచ్చట ఎక్కువ, వినముచ్చట తక్కువ అనే నేను అంటాను. పెద్దవారి కోరిక హాల్లో నలుగురూ చూసి మెచ్చుకోవడమే అయితే అందులో తప్పేమీ లేదు. అప్పుడు అసలుకే అసలు ధర పెట్టండి, నకిలీకి అసలు ధర పెట్టకండి.

వినడానికే అయితే నేను చెప్పే జవాబు పెట్టె గ్రామఫోను. వీటిలో అందరూ మొదట వెతకవలసినది హెచ్ఎంవీ 102. 1931లో మొదలై పాతికేళ్లకు పైగా తయారైన ఈ నమూనా విరివిగా అమ్ముడైంది కనుక ఇప్పటికీ దొరుకుతుంది, విడిభాగాలు కూడా దొరుకుతాయి. దీనికి ముందు 1925 నుంచి వచ్చిన 101 కూడా మంచిదే. దాని 4వ నంబరు సౌండుబాక్సులో పొర అభ్రకానిదే అయినా విద్యుత్ ముద్రణలను బాగానే పాడుతుంది. 102కు అమర్చిన 16, 5ఏ, 5బీ సౌండుబాక్సులలో అల్యూమినియం పొర ఉంటుంది. కంఠంలో స్పష్టత, వాద్యాలలో నిండుదనం వీటిలోనే ఎక్కువ. పెట్టె లోపల మడతలు తిరిగిన బూర ఉంటుంది, మూత తెరిచి ఉంచితే అదే ధ్వనిని ముందుకు తోస్తుంది, మూతలోనే కొన్ని ప్లేట్లు దాచుకునే చోటు కూడా ఉంటుంది. మామూలు గదిలో వినడానికి ఈ ధ్వని చాలు. హార్మోనియం శ్రుతి మీద సాగే రాగయుక్తమైన పద్యానికి అది ఎంత చక్కగా కుదురుతుందో వింటే గాని తెలియదు.

హెచ్ఎంవీ దొరకకపోతే కొలంబియా పెట్టెలు చూడండి. ఈ రెండు కంపెనీలూ 1931లో ఈఎంఐ అనే ఒకే కంపెనీగా కలిశాయి కనుక ఆ తరువాతి కొలంబియా యంత్రాలను తక్కువగా చూడవలసిన పని లేదు. డెక్కా పెట్టెలు మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల కందకాల దాకా వెళ్లిన ఘనమైన చరిత్ర ఉన్నవి, కానీ తొలి నమూనాలు ధ్వనిలో 102కు దీటుగా నిలవవు. పేరు లేని పెట్టెలోనూ పైలార్డ్, థోరెన్స్ వంటి స్విట్జర్లాండు మోటారు ఉంటే అది నమ్మకంగా తిరుగుతుంది. అప్పుడు సౌండుబాక్సు ఒక్కటే బాగుందో లేదో చూసుకుంటే సరిపోతుంది. రంగుల విషయంలో ఒక మాట: 102 ఎక్కువగా నలుపులో వచ్చింది, ఎరుపు, నీలం, ఆకుపచ్చ వంటివి అరుదు కనుక వాటికి ధర ఎక్కువ చెబుతారు. కొత్త రెక్సిను అంటించి నలుపును ఎరుపు చేసిన పెట్టెలూ ఉంటాయి. అంచుల దగ్గర, కీలుల కింద వేలితో తడిమి చూస్తే తెలిసిపోతుంది. పాట వినేవారికి రంగుతో పని లేదు, నలుపే తీసుకోండి.

బల్ల రకం, బీరువా రకం గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. అమెరికాలోని విక్టర్ కంపెనీ 1906లో బూరను పెట్టె లోపల దాచి విక్ట్రోలా పేరుతో అమ్మింది. ముందు ఉన్న చిన్న తలుపులు మూస్తే ధ్వని తగ్గుతుంది, తెరిస్తే పెరుగుతుంది. వీవీ-11 వంటివి అక్కడ చాలా ఎక్కువగా అమ్ముడయ్యాయి కనుక అమెరికాలోనే ఉన్న బంధువుకు ఇవ్వడానికి ఇది తేలికైన దారి. 1925 తరువాతి ఆర్థోఫోనిక్ విక్ట్రోలాలు, 1927 నుంచి హెచ్ఎంవీ తెచ్చిన మడత బూర బీరువాలు కీ యంత్రాలన్నిటిలోకీ గొప్ప ధ్వని ఇస్తాయి. అయితే అవి నిజంగానే బీరువాలు. ఇద్దరు మనుషులు పట్టి జరపవలసిన బరువు, మన అపార్ట్‌మెంటు గదుల్లో దొరకని చోటు. ఇల్లు పెద్దదై, పెద్దవారు మేడ మీద కాక కింద ఉంటే మాత్రమే ఆలోచించండి.

యంత్రం ఏదైనా కొనేచోట చేయవలసిన పరీక్ష ఒకటే. మీ ఇంటి ప్లేట్లలో బాగా అరిగిపోయిన, పోయినా బాధలేని ఒక 78 ప్లేటును, కొత్త ముళ్ల డబ్బాను వెంట తీసుకువెళ్లండి. కీ బిగువు ఎక్కేదాకా పూర్తిగా తిప్పించి, ప్లేటు కింద చిన్న కాగితం ముక్క బయటికి కనిపించేలా పెట్టి తిప్పితే, ఇరవై సెకన్లలో ఆ ముక్క 26 సార్లు తిరగాలి. అటూ ఇటూ ఉంటే వేగం మార్చే మీటతో సరిచేయించి, ముల్లు పెట్టి పక్కంతా వినండి. ముల్లు లేకుండా పళ్లెం తిరగడం పరీక్షే కాదు. ముల్లు భారం పడ్డాక కూడా చివరి నిమిషంలో శ్రుతి జారకుండా ఉండాలి. కీ ఇస్తున్నప్పుడో పాట మధ్యలోనో లోపల దబ్బుమన్న శబ్దం వస్తే స్ప్రింగు గ్రీజు గట్టిపడిందని అర్థం. అది శుభ్రం చేయిస్తే పోతుంది. కీ ఎంత తిప్పినా బిగువు ఎక్కకపోతే స్ప్రింగు తెగి ఉండవచ్చు. అదీ బాగుచేయదగినదే, కానీ ఆ మేరకు ధర తగ్గించి అడగండి. శ్రుతి ఊగుతూ ఉంటే వేగాన్ని అదుపు చేసే గవర్నరులో లోపం ఉంది, అది బాగా చేయి తిరిగినవాడు చూడవలసిన పని.

సౌండుబాక్సును విడిగా చూడండి. పొర చుట్టూ ఉండే రబ్బరు దశాబ్దాలకు రాయిలా గట్టిపడుతుంది. అప్పుడు గొంతు పెరిగినచోటల్లా బరబరమన్న శబ్దం వస్తుంది. రబ్బరు మార్పిస్తే కొత్తదానిలా పాడుతుంది. 4, 5ఏ నంబర్ల వెనుక భాగం నాసిరకం పోతలోహంతో చేసినది కనుక ఉబ్బి, పగుళ్లు వేసి ఉండవచ్చు. అది ముట్టుకుంటేనే విరిగిపోయే దశలో ఉంటే బాగుచేయించడం కన్నా వేరొక సౌండుబాక్సు వెతకడమే నయం. కొత్తగా తయారై పాత పేరు చెక్కిన సౌండుబాక్సులు కూడా బజారులో ఉన్నాయి, వాటికి దూరంగా ఉండండి.

ఎక్కడ కొనాలన్న ప్రశ్నకు నా మొదటి జవాబు బజారు కాదు, చుట్టాలు. కోస్తా జిల్లాల్లోనూ తెలంగాణ పాత ఊళ్లలోనూ తరాల నాటి ఇళ్లు ఖాళీ చేస్తున్నప్పుడు ఇటువంటి పెట్టెలు బయటపడతాయి, అవి నకిలీ అయ్యే అవకాశం దాదాపు లేదు. అయితే సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మోటారు తుప్పును, లోతట్టు ఊళ్లలో చెదను చూసుకోవాలి. తరువాతి జవాబు కోల్‌కతా; దమ్‌దమ్‌లో గ్రామఫోను కంపెనీ కర్మాగారం నడిచిన నగరం కనుక అక్కడి రస్సెల్ స్ట్రీట్ వేలంశాలల్లో, ఫ్రీ స్కూల్ స్ట్రీట్ పాత ప్లేట్ల దుకాణాల్లో తిరిగితే యంత్రం కాకపోయినా యంత్రం తెలిసినవారు దొరుకుతారు. ముర్గీ చౌక్‌లోనైనా చోర్ బజారులోనైనా బూరల వైపు చూడకుండా, మూలన దుమ్ము పట్టిన నల్ల పెట్టెలను అడగండి. ఆన్‌లైనులో ఫోటో చూసి కొనవద్దని అనను కానీ, ప్లేటు పాడుతున్న వీడియోలో మొదటి నుంచి చివరి దాకా ఒక పక్క పూర్తిగా వినిపించమని అడగండి.

విదేశాల్లో ఉన్న బంధువు కోసం ఇక్కడ కొనేవారు ఒక చట్టం తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చారిత్రక ప్రాముఖ్యం ఉన్న వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నిషిద్ధం. 1920లకు ముందు యంత్రం అని ఎవరైనా రసీదు మీద రాసిస్తే విమానాశ్రయంలో ఆ రాతే అడ్డు కావచ్చు. అది పురావస్తువు కాదన్న పత్రాన్ని భారత పురావస్తు సర్వే సంస్థ కార్యాలయం నుంచి ముందే తీసుకోవడం మంచిది. 102 వంటి తరువాతి కాలపు పెట్టెకు ఈ బెడద లేదు.

కొనకపోవడమే మేలైన సందర్భాలూ ఉన్నాయి. ఇంట్లో ఉన్న ప్లేట్లలో నాటకాల్లో వేషాలు కట్టిన పూర్వీకుల కంఠమో, ఇంకెక్కడా దొరకని హరికథో ఉంటే, స్టీలు ముల్లు ప్రతిసారీ ఆ గాడిని కొంత అరగదీస్తుందని గుర్తుంచుకోండి. అటువంటివాటిని 78 వేగం ఉన్న కరెంటు ప్లేయరు మీద, 78 ప్లేట్ల కోసమే చేసిన వెడల్పాటి ముల్లుతో ఒకసారి పాడించి కంప్యూటరులోకి ఎక్కించుకుని, ఆపైన దాచిపెట్టాలి. గ్రామఫోనుకు మామూలు ప్లేట్లు వేరే కొనండి. పెద్దవారి చేతులు వణుకుతున్నా, చూపు తగ్గినా, ప్రతి పక్కకూ ముల్లు మార్చి కీ ఇచ్చే పని ఆ ఇంట్లో ఎవరు చేస్తారో ముందే అనుకోవాలి. చేసే మనుమడో మనుమరాలో లేకపోతే, మీట నొక్కితే పాడే ప్లేయరే వారికి ఎక్కువ సంతోషం ఇస్తుంది.

ముల్లు మార్చడం విషయంలో పిసినారితనం పనికిరాదు. లక్క ప్లేటులో కలిపిన రాతిపొడి తొలి చుట్లలోనే ముల్లు కొసను గాడికి తగినట్టు అరగదీస్తుంది. ఆ అరిగిన అంచుతో రెండో పక్క పాడిస్తే అది ఉలిలా పనిచేస్తుంది. ఒక పక్కకు ఒక ముల్లు, అంతే. ధ్వని తగ్గించే మీట ఈ యంత్రాలలో ఉండదు కనుక చిన్న గదికి సన్నని ముళ్లు, హాలుకు లావు ముళ్లు కొనండి. తుప్పు పట్టిన పాత డబ్బాలు ముచ్చటగా ఉంటాయి, వాటిని అద్దాల బీరువాలో పెట్టుకోండి, ప్లేటు మీద కొత్తవే వాడండి.

కానుక ఇచ్చేటప్పుడు పెట్టెతో పాటు రెండు మూడు వందల కొత్త ముళ్లు, ఒక మెత్తని బ్రష్షు ఇచ్చి, కొన్ని జాగ్రత్తలు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి మూతలో అంటించండి: ప్లేట్లను స్పిరిటుతోగాని శానిటైజరుతోగాని తుడవవద్దు, అవి లక్కను కరిగిస్తాయి, ఎండ తగిలేచోట, ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టవద్దు, నిలబెట్టి ఉంచండి, మోటారులో కొబ్బరినూనె పోయవద్దు, గవర్నరుకు కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు, స్ప్రింగు డబ్బాను ఇంట్లో ఎవరూ విప్పవద్దు, బిగువుతో ఎగిరే ఉక్కుపట్టీ చేతులు కోసేస్తుంది, వాడనప్పుడు కీ పూర్తిగా దిగనివ్వండి. ఆ కాగితం చివర, మీకు తెలిసిన మెకానిక్ ఫోను నంబరు రాయడం మరచిపోకండి.